దిబ్బచేని కంచుకత్తి

దిబ్బచేనికి మంచి పేరు ఏనాడూ లేదు. చేని నడుమ గూనివీపులా లేచిన ఆ దిబ్బ కింద, ఏ కాలంలోనో నేలకొరిగిన మహావీరుడొకడు శయనించి ఉన్నాడనీ, పొద్దు గుంకాక అటు అడుగుపెట్టిన ఆడమనిషిని ప్రాణాలతో పోనివ్వడనీ ఊరంతా చెప్పుకునేది. కళ్లారా చూసినవారెవరని అడిగితే మాత్రం... ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు.

అందుకే తండ్రి ఆస్తి పంపకాల్లో ఆ చేను అక్కకు వచ్చింది. మెట్టా పల్లమూ తమ్ముడికి.

ఊళ్లో అందరి చేలూ దున్నేది ఆమె ట్రాక్టరే గనుక ఆమెను ట్రాక్టరక్క అనేవారు. పరుల నేలకు జంకని మనిషి తన నేలకు జంకుతుందా? తొలివాన పడిన మర్నాడే చేనిలో దిగింది. నల్లని మట్టి అలలు అలలుగా విచ్చుకుంటూ వచ్చింది. దిబ్బ మొదట్లోకి చేరగానే కర్రు ఖంగుమంది. దిగి చూస్తే—మట్టిలోంచి పచ్చని నాలుకలా ఒక కత్తి!

కబురు విని తమ్ముడితో పాటు చేనికి వచ్చిన బడి మాస్టారు కళ్లద్దాలు పైకి తోసుకొని చూశారు.

“ఇనుమంటే ఏమిటో మనుషులకు తెలియని కాలం నాటి కంచు ఇది. మ్యూజియం వాళ్లకు కబురు పెడతాను. ఆ చిలుము తోమేసేవు సుమా, తల్లీ!”

తమ్ముడు దాన్ని లాక్కుని పట్టుకోబోయాడు. పిడి చాలలేదు, చిటికెనవేలు బయటే మిగిలిపోయింది. అక్క పట్టుకుంటే పోతపోసినట్టు కుదిరింది.

“మీ మహావీరుడిది మరీ పసిచెయ్యిరా!” అంది నవ్వుతూ.

“వేళాకోళాలొద్దక్కా. ఆయుధం పైకొచ్చింది. ఇక ఆయన ఊరుకోడు. చేను నాకు రాసిచ్చెయ్. కంచె వేసి, ఆయన శాంతించాక, మగవాణ్ని నేను చూసుకుంటాను.”

“దెయ్యమంటే వణికేవాడివి, దెయ్యం చేను నీకెందుకురా?”

తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. వాడి చూపు మాటిమాటికీ ఆ నల్లమట్టి మీదికే పోతున్నదని ఆమె గమనించకపోలేదు.

అసలు చిక్కు విత్తే ఆడకూలీలతో వచ్చిపడింది. కత్తి బయటపడిందని విని, ఆ చేనిలో దిగడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నేల పదును మీద ఉంది. రేపు విత్తకపోతే ఆరిపోతుంది, ఈ ఏటికి పంట లేదు. పంట తీయలేని అక్క చేను ఎంతకాలం నిలుపుకోగలదు? కూలీల నాయకురాలు పెద్దమ్మ తల వంచుకుని, “మాకు పిల్లలున్నారక్కా...” అంది.

“ఈ రాత్రి ఆ దిబ్బ మీదే కూర్చుంటాను. తెల్లారేసరికి నేనింకా అక్కడే ఉంటే విత్తుతారా?”

పెద్దమ్మ దిబ్బ వైపొకసారి చూసింది. “...విత్తుతాం.”

రాత్రి చిక్కబడింది. దిబ్బ మీద అక్క, ఒడిలో కత్తి. కీచురాళ్లు రొదపెడుతున్నాయి. ఉన్నట్టుండి—ఆ రొద ఆగిపోయింది. మెడ వెనుక చల్లగా... ఊపిరి వంటిదేదో సోకింది. గుండె ఝల్లుమంది. ఝల్లుమన్నందుకు ఆమెకు తనమీద తనకే కోపం వచ్చింది.

“ఎవరది?”

కత్తి పిడి మీద చెయ్యేసింది.

“విను మరి! ఈ నేల నాది. నువ్వు ఇక్కడ పడుకుంటే పడుకో, నాకేం అడ్డు లేదు. కానీ నీ పేరు చెప్పి నన్ను తరిమేవాళ్లున్నారు చూడు... నువ్వు వాళ్ల పక్షమో, నా పక్షమో ఇప్పుడే తేల్చుకో!”

ఆకు కూడా కదలలేదు. కాసేపటికి కీచురాళ్లు మళ్లీ గొంతెత్తాయి. అక్క ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు చేనిగట్టు మీద తెల్లని ఆకారమొకటి లేచింది. మూలుగుతూ... ఊగుతూ... దిబ్బ వైపే వస్తోంది. అక్క పిడి బిగించి పట్టుకుంది. ఆకారం దగ్గరైంది. కళ్లు చిట్లించి చూసింది.

“ఒరేయ్, అది అమ్మ దుప్పటి కదరా! బురదైతే ఎవరు ఉతుకుతారు?”

మూలుగు ఆగింది. తమ్ముడు దుప్పటి విసిరికొట్టాడు. సిగ్గుతో వాడికి కోపం రెట్టింపైంది.

“మర్యాదగా దిగు! దిగకపోతే ఈడ్చుకుపోతాను!”

అక్క లేచి నిలబడింది. “రా, చూస్తాను.”

వాడు టార్చిలైటు వెలిగించి ఆమె ముఖం మీదికి కొట్టాడు. ఒక్క అంగలో దిబ్బెక్కి చెయ్యెత్తాడు—ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. వాడు చూస్తున్నది అక్కను కాదు. వెలుగు ఆమె ముఖం మీంచి పక్కకు జరిగింది.

“అక్కా...” “నీ పక్కన... ఆమె ఎవరు?”

అక్క తల తిప్పి చూడలేదట. కత్తి దించనూ లేదట.

“ఎవరైతే నీకెందుకురా? పొద్దున్నే విత్తనాల బస్తా నువ్వే మోసుకురా” అని—ఒక్క అడుగు ఇటు జరిగి, పక్కనున్నామెకు చోటిచ్చింది.