పైకి చదవకూడని గది

స్కూల్లో లైబ్రేరియన్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇంట్లో నేను, చెల్లెలు, దాని మనవరాలు. ఊరికే కూర్చుంటే తోచక, పరాయి దేశంలో ఒక అనాథ పిల్లల హోమ్‌లో మూడు నెలలు లైబ్రరీ సర్దిపెట్టడానికి ఒప్పుకున్నాను. "ఇక్కడి పుస్తకాలకు బూజు పట్టలేదా ఏం?" అని చెల్లెలు దెప్పింది.

అక్కడ నా రాక ఎవరికీ ఇష్టం ఉన్నట్టు లేదు. వార్డెనమ్మ నా నమస్కారానికి బదులు తాళంచెవి బల్ల మీద పడేసింది.

"పుస్తకాలకు నంబర్లు వెయ్యండి. అంతే. ఆ గదిలో పైకి చదవొద్దు."

"పిల్లలకు చదివి వినిపించకపోతే ఇక లైబ్రరీ ఎందుకండీ?"

"చెప్పింది చెయ్యండి."

పిల్లలు ఇరవై ఆరుగురు. గుమ్మం దాకా వచ్చి నిలబడేవాళ్లు, లోపల అడుగు పెట్టేవాళ్లు కాదు. నవ్వితే మొహం తిప్పుకునేవాళ్లు. ఒకమ్మాయి నా చెప్పుల మీద ఉమ్మేసి పోయింది. వంటామె మాత్రం టీ ఇస్తూ, "మీ మీద కోపం కాదండీ. మీరు వెళ్లిపోతే బాగుండని," అంది. ఆ గది ఒకప్పుడు జబ్బు చేసిన పిల్లల్ని విడిగా ఉంచినదట. అంతకు మించి చెప్పలేదు.

రెండో వారంలో ఒక సాయంత్రం. చలికాలం, ఐదింటికే చీకటి పడింది. బీరువాల వెనక నుంచి తడి గోడ వాసన, పాత జిగురు వాసన. ఇంతలో కరెంటు పోయింది. టార్చి వేసుకుని సర్దుతుంటే, వెనకాల చాప మీద ఎవరో కూర్చున్న చప్పుడు. తర్వాత ఇంకొకరు. చిన్న దగ్గు. గుసగుసలు.

చీకట్లో బెరుకు పోయి, పిల్లలు ఇన్నాళ్లకు లోపలికి వచ్చారనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. వార్డెనమ్మ మాట గాలికొదిలేసి, చేతికందిన బొమ్మల పుస్తకం తెరిచాను. పేజీ మీద టార్చి పెట్టుకుని చదవసాగాను. ఒక్కరూ కదల్లేదు. ఎవరిదో చెయ్యి నా శాలువా అంచు పట్టుకుంది.

సగంలో ఉండగా భోజనాల గంట మోగింది. తలెత్తి కిటికీలోంచి చూశాను. వాకిలికి అవతల, భోజనాల గదిలో కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. పిల్లలు బల్లల దగ్గర వరసగా కూర్చున్నారు. వార్డెనమ్మ తలలు లెక్కపెడుతోంది. ఒక్క కుర్చీ కూడా ఖాళీగా లేదు...

చదవడం ఆపేశాను.

"ఆపావేం?" నేల దగ్గర్నుంచి గుసగుస.

టార్చి అటు తిప్పడానికి చెయ్యి రాలేదు. చదివాను. పుస్తకం అయిపోయింది.

"ఇంకా."

"అయిపోయింది నాన్నా..."

శాలువా బిగిసింది. మెడ దాకా. "ఇంకా..."

మా అమ్మ చెప్పిన కథలు ఎత్తుకున్నాను. తెలుగులోనే. తెలుగు ముక్క రాని ఆ దేశంలో, వాళ్లు నవ్వాల్సిన చోట నవ్వారు. అప్పుడు వేసింది నాకు అసలు భయం. చెబుతున్నకొద్దీ గొంతు సన్నబడింది... చివరికి పెదాలు కదులుతున్నాయి, మాట లేదు.

అప్పుడు వదిలారు.

వంటామె లాంతరు పట్టుకుని వచ్చేసరికి గుమ్మంలో పడి ఉన్నానట. వార్డెనమ్మ నా మొహంలోకి చూసి, "గొంతు ఇచ్చేశారా," అంది మెల్లగా. మర్నాడే బస్సెక్కించింది. వెళ్తుంటే పిల్లలు గేటు దగ్గర వరసగా నిలబడ్డారు. ఈసారి ఒక్కరూ మొహం తిప్పుకోలేదు.

ఇంటికొచ్చి రెండు నెలలైంది. గొంతులో ఏ లోపమూ లేదంటాడు డాక్టరు. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తున్నాను. "ఇన్నాళ్లకు నా మాటకు అడ్డు చెప్పేవాళ్లు లేరు," అని చెల్లెలు నవ్వించబోయి, కళ్లు తుడుచుకుంటుంది.

నిన్న వంటామె ఫోన్ చేసింది. "రోజూ ఆ గదిలోంచి మీ గొంతే వినిపిస్తోందండీ. ఏదో మీ భాషలో... వినండి," అని ఫోన్ తలుపుకు ఆనించింది.

నా గొంతే. చెబుతున్నది కథ కాదు. స్టేషన్లో దిగి ఎటు తిరగాలో, మా వీధి ఎక్కడో, అందులో ఎన్నో ఇల్లో... పసిపిల్లలకు అర్థమయ్యేలా, నెమ్మదిగా, చెప్పిందే మళ్లీ చెబుతోంది. ఆ తర్వాత చెల్లెలి మనవరాలు పడుకునే గది. దాని కిటికీ గడియ బయటి నుంచి ఎలా తీయాలో.