తాతయ్య పాటలోంచి తీసేసినవి

మధ్యాహ్నం రెండున్నరకి మిరియం పదకొండో దగ్గు తీసేసింది.

దాని అసలు పేరు అది కాదు. మనిషి చిన్నది, నోరు ఘాటు. అందుకని ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. అక్క హాస్టల్‌కి వెళ్ళాక గదిలోని మైకు, హెడ్‌ఫోన్స్, లాప్‌టాప్ దీని చేతికొచ్చాయి. రికార్డు చెయ్యడం, కత్తిరించడం, అతకడం అక్క పక్కన కూర్చుని నేర్చుకుంది. పదకొండేళ్ళ పిల్లకి అది మంచి పనితనమే. కానీ పనితనం వేరు, సరుకు విలువ తెలియడం వేరు.

ఇప్పుడు తెర మీద ఉన్నది తాతయ్య పాట. తాతయ్య అంటే అమ్మ వాళ్ళ నాన్న, టైలరు. అమ్మ పసిపిల్లగా ఉన్నప్పుడు మిషన్ తొక్కుతూ ఆయనే కట్టి పాడిన జోల అది. ఈమధ్య ఆయన గొంతులో గడ్డ పెరిగింది. ఆపరేషన్ తర్వాత మాట రాదని డాక్టరు ముందే చెప్పేశాడు. అందుకే ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు అమ్మ ఆయన్ని మైకు ముందు కూర్చోబెట్టింది. ఒక్కసారే పాడగలిగాడు. ఉన్నది ఆ ఒక్కటే.

ఆపరేషన్ అయిపోయింది. ఎల్లుండి తాతయ్య ఇంటికి వస్తాడు. ఈలోగా ఆ పాటని రేడియోలో వచ్చేదానిలా తయారుచెయ్యాలని మిరియం ఆశ.

ఫ్యాను హోరు తీసేసింది. ఊపిరి పీల్చిన చప్పుళ్ళు తీసేసింది. మధ్యలో తాతయ్య "ఏమే, ఎక్కుతోందా అందులో?" అని అడిగిన మాట తీసేసింది. గొంతు వణికిన ప్రతిచోటా శ్రుతి సరిచేసే బటన్ నొక్కింది. స్వరం కర్ర మింగినట్టు నిటారుగా నిలబడింది.

"పాత ఫైల్ మీదే సేవ్ చెయ్యాలా?" అని లాప్‌టాప్ అడిగింది.

ముందు కాపీ తీసుకోమని అక్క వందసార్లు చెప్పింది. కానీ బాగుచేసినది ఉండగా మురికిది దేనికి? మిరియం "అవును" నొక్కింది. అన్నీ మూసేసి ఆడుకోవడానికి పోయింది.

సాయంత్రం అమ్మ వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. కాసేపు విని, "ఇది కాదే. తాతయ్యది పెట్టు," అంది.

"అదే అమ్మా."

"పొద్దుట్నించీ ఆసుపత్రిలో నిలబడి కాళ్ళు పీకుతున్నాయి. ఆటలాడకు."

"అది తాతయ్యే. నేను బాగుచేశాను."

అమ్మ మళ్ళీ మొదటినుంచి వింది. హెడ్‌ఫోన్స్ మంచం మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ఎంతసేపైనా అక్కణ్ణుంచి గిన్నెల చప్పుడు రాలేదు.

మిరియం అక్కకి ఫోన్ చేసింది.

"అన్‌డూ నొక్కు," అంది అక్క.

"నొక్కాను. ఏం కాలేదు."

"మధ్యలో మూసేశావా?"

"ఊఁ."

"ముందు కాపీ తీశావా?"

మిరియం పలకలేదు.

"ఇంతెత్తున లేస్తావుగా అందరిమీదా, ఇప్పుడు నోరేమైంది?" అక్క గొంతు కోపంగా మొదలై నీరుగారిపోయింది. "ఇంకేం చెయ్యలేమే. పోయింది పోయినట్టే."

కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. గుడ్డ తప్పుగా కత్తిరిస్తే అతుకు వెయ్యొచ్చు. ఇక్కడ అతుకు వెయ్యడానికి ముక్క కూడా మిగల్లేదు.

మిరియం ఆ పాట తనే మళ్ళీ వింది. దగ్గు లేదు. ఊపిరి లేదు. వణుకు లేదు. చెడ్డవని ఒక్కొక్కటీ తీసుకుంటూ పోయింది. అన్నీ పోగా మిగిలినదాంట్లో తాతయ్య లేడు.

చెప్పిన రోజుకే తాతయ్య ఇంటికి వచ్చాడు. మెడకి కట్టు, చేతిలో పలక. కుర్చీలో కూర్చోగానే రాశాడు: "పాట పెట్టు."

"తర్వాత వినొచ్చులే నాన్నా, అలిసిపోయావు," అంది అమ్మ.

ఆయన తను రాసిన మాట కింద రెండు గీతలు గీశాడు. పెట్టక తప్పలేదు.

కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. పలక తుడిచి మళ్ళీ రాశాడు: "బాగా పాడాడు. ఎవరు?"

అబద్ధానికి అంతకంటే మంచి అదను దొరకదు. నీ రికార్డింగ్ చెడిపోయింది, ఇంకెవరిచేతో పాడించాం అంటే సరిపోతుంది. అమ్మ కూడా అలాగే చెప్పమన్నట్టు చూసింది.

"నువ్వే తాతయ్యా," అంది మిరియం. "నీ దగ్గు, నీ ఊపిరి మురికనుకుని తీసేశాను. ముందుది ఇంకెక్కడా లేదు."

తాతయ్య చాలాసేపు మనవరాలి వైపు చూశాడు. బలపం కింద పెట్టేశాడు. లేచి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. ఏమని ఓదారుస్తారు?

మర్నాడు మిరియం మైకు పట్టుకుని అమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, ఆ పాట నీకు వచ్చా?"

"ముక్కలు ముక్కలుగా వచ్చు."

"ముక్కలే పాడు."

"నేను పాడితే అది ఆయన గొంతవుతుందా?"

"అవదు," అంది మిరియం.

అమ్మ పాడింది. రెండుచోట్ల శ్రుతి తప్పింది. ముక్కు ఎగబీల్చింది. మూడో చరణంలో మాట అందక ఆగిపోయింది. ఎప్పుడొచ్చాడో, తాతయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ మాట ఆయన పెదవులు పలికాయి. చప్పుడు రాలేదు. అమ్మ ఆ పెదవుల్ని చూసి అందుకుంది.

పాట అయ్యాక అమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆ ముక్కు ఎగబీల్చడమూ, ఆ ఆగిపోయిందీ కత్తిరించెయ్యవే. అసహ్యంగా ఉంటుంది."

మిరియం ముందు రెండు కాపీలు తీసింది. ఒకటి అక్కకి పంపింది. తర్వాత తెర మీద పాట ఆగిన చోటికి వెళ్ళింది. అక్కడ శబ్దపు అలలేమీ లేవు, సన్నటి గీత ఒక్కటే ఉంది. తాతయ్య పెదవులు కదిలింది ఆ గీత మీదే.

దాన్ని ముట్టుకోకుండా ఫైల్ మూసేసింది.