‘అట’ మాస్టారి మరణం

ఆమె డిటెక్టివ్ ఎదురుగా కుర్చీలో కూలబడింది.

"మా మామగారు మేడమెట్ల మీంచి పడిపోయారటండీ. ప్రాణం పోయింది. నేనే తోశానని పోలీసులంటున్నారు. సాయంత్రానికి నన్ను తీసుకెళ్లిపోతారట."

డిటెక్టివ్ తలెత్తాడు. "మీరు ఇంట్లో ఉండగానే జరిగింది కదమ్మా. ‘పడిపోయారట’ అంటారేమిటి?"

"నేను వంటింట్లో మిక్సీ వేసుకుంటున్నాను. బయటికొచ్చేసరికి కింద పడున్నారు. పడటం చూడలేదు కదండీ. చూడనిదానికి ‘అట’ చేర్చకపోతే మామగారు ఊరుకునేవారు కాదు. మాట సరిదిద్దుకునేదాకా అన్నం ముట్టేవారు కాదు. మాకందరికీ అదే అలవాటైపోయింది."

జీవితమంతా తత్త్వశాస్త్రం బోధించిన ఆ పెద్దమనిషిని వీధి వీధంతా ‘అట మాస్టారు’ అనేది. ఆయన తన కళ్లని సగమే నమ్మేవాడు, మనుషుల మాటని అసలు నమ్మేవాడు కాదు. రెండూ రెండూ నాలుగన్నంత ఖాయంగా తేలితేనే ఏదైనా ఒప్పుకునేవాడు. గొప్ప ఆదర్శమే! ఆయనతో ఒకే కప్పు కింద ఉండేవాళ్లకి మాత్రం ప్రాణసంకటం.

డిటెక్టివ్ తన టైపిస్టుని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాడు. డిటెక్టివ్ చెవిదాకా వచ్చి దోమైనా అబద్ధమాడలేదని ఆ అమ్మాయి నమ్మకం. మెట్ల కింద చెప్పుల అల్మారా ఉంది. దాని అడుగున, చేతిరుమాలులో సగం చుట్టుకుని, మాస్టారి కళ్లజోడు దొరికింది. డిటెక్టివ్ దాన్ని టైపిస్టుకి మాత్రం చూపించి జేబులో వేసుకున్నాడు.

పక్కింట్లో ఉండే మాస్టారి అక్క ముక్కు చీదుతూ చెప్పింది. "తమ్ముడికి కళ్లు తిరిగాయట నాయనా. పడిపోయాడట."

తర్వాత కొడుకు. వెనకవీధిలో అతనికి ప్రింటింగ్ ప్రెస్సుంది.

"మా ఆవిడ ఫోన్ చేసేదాకా నేను ప్రెస్సు దాటలేదు," అన్నాడతను. "నాన్న కళ్లజోడు తుడుచుకుంటూ మెట్టు తప్పారు. తలలో నరం చిట్లిందట. మా ఆవిడ అమాయకురాలు సార్, ఎలాగైనా కాపాడండి."

సాయంత్రం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు.

"ఈ ఇంట్లో చూడనిదానికి అందరూ ‘ట’ చేరుస్తారు. నరం చిట్లిందని డాక్టరు చెప్పాడు కాబట్టి అబ్బాయిగారు ‘చిట్లిందట’ అన్నారు. కానీ నాన్న మెట్టు ‘తప్పారు’ అన్నారు. ఒక్క అక్షరం తగ్గితే అది అనుమానమేగానీ రుజువు కాదు. మాస్టారైతే అసలు ఒప్పుకోరు." అతను కొడుకు వైపు తిరిగాడు. "కళ్లజోడు తుడుచుకుంటున్నారని మీకెవరు చెప్పారు?"

"మా ఆవిడే."

"నేనా?" ఆమె తెల్లబోయింది. "ఆ కళ్లజోడు ఎక్కడుందో కూడా నాకు తెలీదండీ!"

డిటెక్టివ్ జేబులోంచి రుమాలూ కళ్లజోడూ తీసి బల్లమీద పెట్టాడు. ఎక్కడ దొరికాయో చెప్పాడు. "తుడుచుకుంటున్నారన్నది అప్పుడు పక్కనున్నవాళ్లకే తెలుస్తుంది," అన్నాడు. మాస్టారి కొడుకే అయ్యుంటాడని టైపిస్టు ఊహించనైనా లేదు.

"ఒరేయ్!" అంది మేనత్త.

కొడుకు నేల చూస్తూ మాట్లాడాడు. "అమ్మ పోయిన రాత్రి నేను మందు ఇచ్చాను. వేళకే ఇచ్చాను. ఇన్నేళ్లుగా నాన్న ‘నువ్వు ఇచ్చావట’ అంటూనే వచ్చారు. నిన్న పెరటి తలుపులోంచి వచ్చి, మేడమెట్ల మీద ఆయన కాళ్లు పట్టుకున్నాను. ఒక్కసారి, ఆ ‘ట’ తీసేసి ‘ఇచ్చావు’ అనమన్నాను. కళ్లజోడు తుడుచుకుంటూ, ‘నేను చూడలేదు కదరా’ అన్నారు. లేచి తోసేశాను."

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు.

భార్య అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "మీరు ప్రెస్సులో ఉన్నానన్నారు. నేను చూశానా అండీ? చూడకుండానే నమ్మాను. మరి నన్ను తీసుకెళ్తామంటుంటే, ఎలా ఊరుకున్నారు?"