డబ్బాకు గాలి ఆడాలి

రేపు ఉదయం పది గంటలకు మునిచంద్ర పేరు దేశం దాటుతుంది. ఆ వెంటనే మునిచంద్ర చస్తాడు.

రెండేళ్లుగా విదేశీ ముఠాలో మన నిఘా శాఖ మనిషిగా ఉన్నవాడు అతను. ఆ గుట్టు కనిపెట్టింది రూపశ్రీ. మన ఆఫీసులోనే అనువాదకురాలు. ఖరీదైన సెంటు, అంతకంటే ఖరీదైన నవ్వు, రెండు వైపులా జీతం. తిరుపతి లాడ్జిలో 304 గదిలో దిగింది. పేరు లాడ్జి వైఫై మీదే పంపుతుంది. ఆమెను ఇప్పుడే పట్టుకుంటే, మునిచంద్ర తప్పించుకోకముందే ముఠాకు తెలిసిపోతుంది.

"కాబట్టి లాడ్జి వైఫై పేరుతోనే నకిలీ వైఫై," అన్నాడు వీడియోలో పై అధికారి అమర్‌నాథ్, హైదరాబాదులోని ఏసీ గదిలోంచి. "అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు. మెసేజి మింగేసి, అందిందని బదులిస్తుంది. అల్యూమినియం కేసు పంపించాం. బిగించు."

"ఇనప డబ్బా అయినా, అల్యూమినియం అయినా ఒకటే సార్," అన్నాడు ఏకాంబరం. "యాంటెన్నా బోర్డులోనే ఉండాది. సిగ్నల్ బయటికి రాదు."

"నువ్వెంతవరకు చదివావు?"

"ఎనిమిది సార్."

"మరి?"

ఇరవై ఏళ్లు పాకాలలో టీవీలు బాగుచేసి, పదేళ్లుగా శాఖలో కాంట్రాక్టు ఏజెంటుగా ఉన్న ఏకాంబరం ఆ అల్యూమినియం కేసును పక్కన పడేశాడు. గుండు చేయించుకుని గంధం పూసుకున్నాడు. తిరుపతిలో అంతకు మించిన మారువేషం లేదు. నేరుగా స్టేషన్ దగ్గర ఢిల్లీబాబు విడిభాగాల అంగడికి వెళ్లాడు.

"సైన్సు ప్రాజెక్టుకప్పా," అన్నాడు.

"గుండు కొట్టించుకోని సైన్సా?" ఢిల్లీబాబు నవ్వి రెండు కేసులు ముందు పెట్టాడు. "ఈ తెల్ల ప్లాస్టిక్‌ది అందంగా ఉండాది."

"దానికి చిల్లులు యాడ? బోర్డు ఉడికిపోతాది. ఫ్యాను ఉండే అక్రిలిక్‌ది ఇయ్యి."

లాడ్జిలో తన గదిలో కూర్చుని, అద్దంలాంటి అక్రిలిక్ పలకల మీది కాగితం ఒలిచాడు. బోర్డుకు నాలుగు ఇత్తడి కాళ్లు బిగించాడు. చిప్పు మీద వేడి లాగే హీట్‌సింక్ అంటించాడు. ఫ్యాను ఎర్ర వైరు నాలుగో పిన్నుకు, నల్లది ఆరో పిన్నుకు. స్క్రూలు గట్టిగా తిప్పితే పలక పగులుతుంది. బిగువు తగలగానే ఆపాడు.

మర్నాడు ఉదయం తొమ్మిదికి దాన్ని మూడో అంతస్తు వరండా అలమారలో, లాడ్జి వైఫై డబ్బా పక్కనే పెట్టి, ఎదురుగా టీ అంగట్లో కూర్చున్నాడు. ఫోన్లో బోర్డు వేడి కనిపిస్తోంది. యాభై రెండు డిగ్రీలు.

తొమ్మిదీ నలభైకి అరవై ఎనిమిది. యాభైకి డెబ్బై తొమ్మిది. ఎనభై అయిదు దాటితే బోర్డు నీరసపడుతుంది, నకిలీ వైఫై పడిపోతుంది, ఆమె ల్యాప్‌టాప్ అసలు వైఫైకి పోతుంది.

లిఫ్టు ముందు సూట్‌కేసులతో పెళ్లివారు. మెట్లెక్కి పరుగెత్తాడు.

తన డబ్బా మీద నీలం శాటిన్ గుడ్డ. అంచుకు కుచ్చులు. ముందు కుంకుమ బొట్టు, పైన మల్లెపూల మూర. పక్కన చీపురుతో పనిమనిషి పోలేరమ్మ.

"ఎవురమ్మా ఈ గుడ్డ తొడిగింది?"

"నేనేనప్పా. కొత్త మిషను గదా, దుమ్ము పడతాది. కింద టీవీకి, ఫ్రిజ్జుకి అన్నిటికీ నేనే కుట్టినాను."

"గాలాడక సస్తాదమ్మా."

"దుమ్ముకైతే సావదా?"

గుడ్డ లాగేశాడు. ఫ్యాను తిరగలేదు. పూల దారం రెక్కకు చుట్టుకుంది. ఎనభై నాలుగు. పళ్లతో దారం కొరుకుతుండగా 304 తలుపు తెరుచుకుంది. సెంటు వాసన.

"వైఫై స్లోగా ఉందేమిటి?" అంది రూపశ్రీ, గుండు వంక అసహ్యంగా చూస్తూ. "పదింటికి నాకు పనుంది."

"పది లోపల వస్తాది మేడం," అన్నాడు నోట్లో దారంతో.

తలుపు మూసుకుంది. దారం తెగింది. ఫ్యాను గిర్రున తిరిగింది. ఎనభై మూడు. ఎనభై. గడియారంలో పది కావడానికి మూడు సెకన్లుండగా మెసేజి వచ్చింది, బోర్డు మింగింది, అందిందని బదులిచ్చింది. గోడ అవతల ఖరీదైన నవ్వు వినిపించింది.

ఆ సాయంత్రానికి మునిచంద్ర ముఠా నుంచి తప్పించుకున్నాడు. రూపశ్రీ రేణిగుంట విమానాశ్రయంలో దొరికింది. అల్యూమినియం కేసు అద్భుతంగా పనిచేసిందని అమర్‌నాథ్ రిపోర్టు రాశాడు. అనుమతి లేని కేసు ఎందుకు కొన్నావని ఏకాంబరానికి మెమో వచ్చింది.

పదిహేనో రోజు మునిచంద్ర ఫోన్ చేశాడు.

"అన్నా, అమర్‌నాథ్ సార్ లేకుంటే ఈ పొద్దుకు నాకు కర్మంతరం అయ్యుండేది. ఇంట్లో ఆయన ఫోటో పెట్టుకున్నాము. నువ్వు కూడా ఆయన దగ్గర ఉండి నాలుగు ముక్కలు నేర్చుకోరాదా?"

"నేర్చుకుంటాలే అబ్బా," అన్నాడు ఏకాంబరం. "మెమోకు జవాబు రాసినాక."