పదికి నాలుగు

“ఆ నాలుగు ఏసింది నువ్వేనా?”

“ఔ. మూడే ఏద్దామనుకున్న. పాపమనిపించింది.”

సరోజనతో నా మొదటి సంభాషణ ఇదీ!

అది ఎనభై మూడో సంవత్సరం. కాశిబుగ్గ లైబ్రరీ గోడకు ఆదివారం ఎవరైనా బొమ్మ అంటించొచ్చు. కింద కాగితం మీద ఎవరైనా పదికి మార్కులు వేయొచ్చు, పేరు రాయనక్కర్లేదు. నా దోస్తు గుండయ్య బ్యాచ్ దయవల్ల నాకెప్పుడూ పదులే. ప్రతి వారం ఒక్క నాలుగు మాత్రం పచ్చ ఇంకుతో ఉండేది. కాపు కాసి, ఆ వేళ పట్టుకున్నాను.

“ఎనిమిది మంది పది ఏసిన్రు, కనిపిస్తలేదా?”

“వాళ్లల్ల బొమ్మ సూసినోళ్లెందరు?”

నేను నోరు తెరిచేలోపే గుండయ్య వచ్చి, గోడవైపు చూడకుండానే పది వేసి చాయ్‌కి వెళ్లిపోయాడు. ఛీ, వీడో దోస్తు!

“నీ బొమ్మల మగ్గం నేసేటాయన రెండు కాళ్లతో ఒక్కసారే తొక్కుతాండు. గట్లయితే దారాలు తెరుసుకుంటయా? పోగు పట్టుకొని నాడె వాటి నడుమకెల్లి అటూఇటూ ఎట్ల పోతది? మగ్గమున్న ఇంట్లనే పుట్టినవా మొగిలీ?”

సిగ్గుతో చచ్చిపోయాను. కాలేజీలో చేరాక మా నాయన కాళ్లవైపు చూసిందే లేదు. వారం రోజులు మగ్గం పక్కనే కూర్చుని చూశాను. ఒకటి దిగితే ఒకటి లేస్తోంది.

తర్వాతి ఆదివారం సరోజన బొమ్మ పెట్టింది. వానలో తడుస్తూ, ఆరేసిన నూలు తీస్తున్న అమ్మాయి. కుర్రాళ్లంతా ఎగబడి పదులు వేశారు. నా మనసూ పదే అంది. కానీ బొమ్మలో ఆ అమ్మాయి చేతులు కుదరలేదు. గుండె రాయి చేసుకుని ఏడు వేసి, కింద పేరు కూడా రాశాను. ఇక ఈ పిల్ల నా మొహం చూడదని బెంగ పట్టుకుంది.

సాయంత్రం వాన. లైబ్రరీ మెట్ల మీద సరోజన ఆపింది.

“ఏడెందుకు ఏసినవ్?”

“చేతులు కుదరలే.”

“నాకెరుకే. మూడుసార్లు చెరిపిన.” నవ్వింది. “గంతమందిల బొమ్మ సూసింది నువ్వొక్కనివే.”

ఆ నవ్వుకు ధైర్యం వచ్చేసింది.

“సరోజనా, నువ్వంటే నాకు మస్తు ఇష్టం. మరి నాకెన్ని మార్కులు?”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గొడుగు విప్పి, సగం నావైపు జరిపింది.

“అవి మా నాయిన ఏస్తడు. ఇంటికి రా. ముందుగాల మగ్గం మీదనే కూసోబెడ్తడు. జర కాళ్లు ఒక్కొక్కటే తొక్కు.”