కిలోల్లో గాజులు

2007 వేసవి, హైదరాబాద్. కార్వాన్‌లో పిండిగిర్నీ పైనున్న డిటెక్టివ్ మైసయ్య ఆఫీసుకు, గల్లీ నెట్ సెంటర్లో దుకాణాలకు సైట్లు చేసిపెట్టే అమల వచ్చేసరికి, చేతిలోని కాగితం చెమటకు మెత్తబడిపోయింది.

"పొద్దుమూకే లోపల దీనిమీద సంతకం పెట్టాల్నట బాపూ. లేకుంటే పోలీసు కేసంటున్నరు."

సహాయకుడు ఫణి చదివాడు. భరద్వాజ్ కంపెనీ ఒక చీరల దుకాణానికి వెబ్‌సైట్ టెంప్లేట్, అంటే పేర్లు మార్చి వాడుకునే తయారు సైటు, అమ్మింది. దాన్ని అమల దొంగిలించి ఆండాలు అనే ఆవిడ గాజుల దుకాణం సైటుకు వాడిందట. తప్పు ఒప్పుకుని సంతకం చేస్తే, ఆ కాగితం ఆమెకు పనిచ్చే వాళ్లందరికీ పంపుతారట.

ఇంగ్లీషులో నాలుగు ముక్కలు అచ్చేసి కింద సంతకం పెట్టమంటే చదువు తక్కువైన వాళ్లు బెదిరిపోతారు. ఆ బెదురే పెట్టుబడిగా బతికేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది.

"తీసుకున్నవా?" అన్నాడు మైసయ్య.

"తీసుకున్న. చీరల సేటే వాడుకో బిడ్డా అని ఇచ్చిండు. దొంగతనమైతదని నాకెర్క లేదు. సంతకం పెడితే బహదూర్‌పురాల నాకెవ్వరు పనియ్యరు."

ఫణి ఆండాలు సైటు తెరిచి, ఏ గాజూ ఎంచుకోకుండానే ఆర్డర్ మీట నొక్కాడు. 'ఐదు కిలోలకు తక్కువ పంపబడదు' అని ఇంగ్లీషులో ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

ఫణి నవ్వాడు. "గాజులు కిలోల్లోనా?"

మైసయ్య నవ్వలేదు. "అది నువ్వు రాసినవా?"

"లేదు బాపూ. నేను పేర్లు, రంగులు మార్చిన. కొన్ని బొమ్మలు వాళ్లవే ఉంచిన, గంతే."

మధ్యాహ్నం భరద్వాజ్ తన ఏసీ గదిలో మైసయ్యను, ఫణిని నిలబెట్టే మాట్లాడాడు.

"సైటుల ఆర్డర్లు తీసుకునే కోడు ఎవరు రాసిన్రు సార్?" అన్నాడు మైసయ్య.

"మా కుర్రాళ్లేనండీ. ప్రతి అక్షరం మాదే."

"మొదలు ఏ దుకాణం కోసం?"

"చీరల కోసమే. అయినా గల్లీ నెట్ సెంటర్ వాళ్లకు కాపీరైట్ గురించి ఏం చెబుతామండీ?"

మైసయ్య స్కూటర్ నేరుగా బేగంబజార్‌కు తిప్పాడు. స్టీలు దుకాణాల్లో గిన్నెలు, బేసిన్లు కాంటా మీద తూగుతున్నాయి. రెండు దుకాణాల్లో ఏదో వాకబు చేసి, మూడో దాంట్లోంచి కొండల్ అనే యువకుణ్ని వెంటబెట్టుకొచ్చాడు.

సాయంత్రం సంతకం కాగితం కోసం భరద్వాజ్ మైసయ్య ఆఫీసుకు వచ్చాడు. అందరూ కూర్చున్నాక మైసయ్య కంప్యూటర్‌ను భరద్వాజ్ వైపు తిప్పాడు. ఈసారి తెర మీద చీరల దుకాణం సైటు. ఖాళీ ఆర్డర్ నొక్కగానే అవే ఎర్ర అక్షరాలు.

"చీరలు గూడ తూకానికే అమ్ముతున్రా సార్?"

భరద్వాజ్ తనే మళ్లీ మీట నొక్కి చూశాడు.

"ఈ ఊళ్లె తూకానికి అమ్మేది గిన్నెలు. ఈ ఆర్డర్ కోడును కొండల్ తన తండ్రి స్టీలు దుకాణానికి రాసుకున్నడు. మీ కంపెనీ పుట్టకముందే అందరు వాడుకోవాల్నని ఇంటర్నెట్ల పెట్టిండు. ఫణి ఆయన కోడు, మీ కోడు పక్కపక్కన పెట్టి చూసిండు, వరుసకు వరుస ఒకటే. మీ దాంట్ల కొండల్ పేరు, ఎట్ల వాడుకోవాల్నో చెప్పిన లైసెన్సు పోయినయి. కాపీ చెయ్యరాదన్న ముక్క వచ్చింది."

"ఊరికే దొరికిందండీ," అన్నాడు భరద్వాజ్. "ఊరికే దొరికితే ఎవరిదైనా ఒకటేగా."

మైసయ్య గొంతు మారింది. "చలివేంద్రం కుండల నీళ్లు ఎవరన్న తాగచ్చు. కుండ మీద నీ పేరు రాసుకొని, తాగినోళ్లను దొంగలంటవా? అమ్ముకో, మార్చుకో, ఆ లైసెన్సు వద్దనదు. కానీ రాసినోని పేరు చెరపొద్దు. కొన్నోడు ఇంకొకరికి ఇస్తే అడ్డం రావద్దు. దానిమీద కట్టిన నీ టెంప్లేట్ కోడుకు గూడ అదే కట్టుబాటు. సేటు అమలకు ఇచ్చిండు. అది ఆయన హక్కు."

కొండల్ మెల్లగా అన్నాడు. "నా పేరు తీసిన్రు, పోనీ అనుకునెటోన్ని అన్నా. నేను పంచిపెట్టినదాంతోనే ఈ పిల్లను దొంగను చేసిన్రు సూడు, గది అరుగుతలేదు."

మైసయ్య అమల వైపు తిరిగాడు. "బొమ్మలు మాత్రం వాళ్లయే. వాటికి వేరే హక్కుంటది. ఇయ్యాల్నే తీసెయ్."

ఆమె తలూపింది. మైసయ్య మెత్తబడిన కాగితాన్ని బల్ల మీద పరిచి, అమల పేరు కొట్టేసి, పెన్ను భరద్వాజ్ ముందు పెట్టాడు.

"మీరే రాయించిన్రు కద సార్. మిగిలినదంతా సరిగ్గానే ఉన్నది. మీ పేరు రాసి సంతకం పెట్టుండ్రి."