తిరుగుకొమ్ము

జాతర దగ్గర పడిందని సుంకులమ్మ ఇత్తడి కొమ్మును చింతపండుతో తోముతుంటే, తరతరాల మసి వదిలి దాని మెడ మీద మూడు కొండలు, ఒక గుహ, పక్కనే గండపెండేరం బొమ్మ బయటపడ్డాయి. ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఆమె తమ్ముడు మద్దిలేటికి మాత్రం బంగారమే కనిపించింది. వీరుల కాలికి రాజులు తొడిగే కడియం మరి!

జాతర చివర కొండవైపు తిరిగి ఈ తిరుగుకొమ్మును ఊదడం వాళ్ళ ఇంటి ఆచారం. యుద్ధం ముగిసింది, పెండేరాలు విప్పి ఇంటికి రండి అని ఆ కూతకు అర్థం. అది వినగానే ఊరంతా చేతిలో పని ఆపి, కాళ్ళకున్నవి విప్పి పక్కన పెడుతుంది. ఎవరిని పిలుస్తున్నారో మాత్రం ఎవరికీ తెలియదు.

నల్లమలలో ఆ మూడు కొండలను గుర్తుపట్టినవాడు చెంచు అంకన్న. బొమ్మతో పోల్చుకోవడానికి సుంకులమ్మ కొమ్మును భుజానికి తగిలించుకుని బయల్దేరింది. తేనె తీసే తాడుతో అక్కాతమ్ముళ్ళను లోయలోని గుహ ముందుకు దింపి, తాను పైన కాపు కాశాడు.

లోపల దీపం లేకుండానే వెలుతురుంది. గోడలు అద్దంలా నునుపుగా ఉన్నాయి. ఆ వెలుతురులో బల్లేలు, డాళ్ళు పట్టిన సైనికులు బారులు తీరి నిలబడి ఉన్నారు. కళ్ళు మూసుకున్నారు కాని ఊపిరి ఆడుతోంది! వాళ్ళ ఒంటి మీది గాయాలు కత్తి చేసినవి కావు, నిప్పు చేసినవీ కావు. సుంకులమ్మ తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

గుహ మధ్యలో పెండేరాల గుట్ట ధగధగలాడుతోంది.

"ఒరేయ్, ముట్టుకోవాకు!" అని ఆమె అరిచేలోగా మద్దిలేటి ఒకటి కాలికి తొడిగేశాడు. అది నీలంగా వెలిగింది. అతని చూపు నిలిచిపోయింది. నడిచి వెళ్ళి బారు చివర ఖాళీలో నిలబడ్డాడు. ఆమె ఆ కడియాన్ని ఎంత లాగినా కదల్లేదు.

అప్పుడు ముందు వరుసలోని నాయకుడు కళ్ళు తెరిచాడు.

"లాగిన రాదమ్మా. ఆకాశపు ఓడవారు తమ పక్షాన పోరాడమని ఇచ్చినారు. సన్మానమనుకొని మేమే కాళ్ళు చాచితిమి, సంకెలని ఎరుగమైతిమి. ఎన్ని సూర్యుల కింద పోరాడితిమో! యుద్ధానికీ యుద్ధానికీ నడుమ మమ్ము ఇచట నిదురపుచ్చెదరు."

"తీసే దారి లేదా తాతా?"

"తొడుగుకొన్నవాడు మనసారా విప్పదలచిన వదలును. తిరుగుకొమ్ము వినక వీరుడెట్లు విప్పును? మమ్ము ఓడ ఎక్కించిన నాడు మా కొమ్ములవాడు నీళ్ళకు పోయి ఈ నేలనే మిగిలిపోయెను."

ఇంతలో గుహ కప్పు రెండుగా చీలింది. పట్టపగలు నల్లని ఆకాశం, నక్షత్రాలు, వాటి నడుమ కొండంత ఓడ. సైనికులు ఒక్కొక్కరే పైకి తేలుతున్నారు. మద్దిలేటి పాదాలు కూడా నేలను వదిలాయి.

"కొండ కదులుతాంది! పైకి రాండి!" బయట అంకన్న కేక పెట్టాడు.

సుంకులమ్మ భుజాన ఉన్న కొమ్మును తీసి పెదవులకు ఆనించింది. గాలి తప్ప ఏమీ రాలేదు. తమ్ముడు ఆమె తల దాటి పైకి పోతున్నాడు. ప్రాణమంతా కూడదీసుకుని మళ్ళీ ఊదింది.

కూత గుహంతా మారుమోగింది. ఆ ఊళ్ళో పుట్టినవాడు కదా, మద్దిలేటికి ఇల్లు మనసులో మెదిలింది, చెయ్యి దానంతటదే కాలి మీదికి వెళ్ళింది. కడియం ఊడింది. వాడు దబ్బున ఆమె పక్కన పడ్డాడు. ఆపై గాలిలో తేలుతున్న వీరులందరూ కళ్ళు తెరిచి, వంగి పెండేరాలు విప్పుకుని నేలకు దిగారు. బంగారం నేల మీద వడగళ్ళలా మోగింది.

"పరుగెత్తండి! ఆగొద్దు!" అని సుంకులమ్మ అరిచింది.

అక్కాతమ్ముళ్ళూ వీరులూ బయటపడగానే గుహ కుప్పకూలింది. ఓడ ఒక మెరుపై ఆకాశంలోకి దూసుకుపోయింది. గుట్టంత బంగారం రాళ్ళ కింద ఉండిపోయింది. మద్దిలేటి అటు చూడను కూడా లేదు. బోసిపోయిన తన కాలిని తడుముకుంటూ అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

నాయకుడు కొమ్మును నిమిరి గుర్తుపట్టాడు. "కొమ్ములవాని బిడ్డా, ఇంత ఆలస్యమా?"

"ఏటా పిలుస్తానే ఉన్నాం తాతా. మీకు ఇనపడలేదు."

అతడు బల్లేన్ని సరిచేసుకుని చుట్టూ చూశాడు.

"ఇప్పుడు మా పగవాడెవ్వడు తల్లీ?"

"ఎవురూ లేరు," అంది సుంకులమ్మ ఏడుస్తూ. "ఇంటికి పోదాం పాండి. అన్నం తిందురు."